మా అవ్వ నెత్తురు మందు

పోయిన నెలలో ఒక మధ్యాహ్నం శిరీష అనే అమ్మాయి హిందూపురంలో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఫార్మసీ చదువుతోంది. పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో రక్తానికి సంబంధించిన జబ్బులకు పూర్వం ఏ ఆకులు, ఏ వేర్లు వాడేవాళ్ళో రాసుకోవడం ఆమె ప్రాజెక్టు. నేను ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తూ రిటైరైనదాన్నని, మా అవ్వ నాటుమందు ఇచ్చేదని మా ఊళ్ళో ఎవరో చెప్పారట. చేతిలో ఒక ఫారం ఉంది. మందు పేరు, ఏ మొక్క, ఏ భాగం, ఎంత మోతాదు, ఎన్ని రోజులు అని అందులో గడులు. నేను చెబుతుంటే అన్నీ చకచకా నింపేసింది. చివరి గడిలో మాత్రం 'పనిచేసిందా: అవును, కాదు' అని ఉంది. అక్కడికొచ్చి పెన్ను ఆపి నా ముఖం చూసింది.

"ఏం పెట్టమంటారు మేడమ్?"

"అది ఇప్పుడే నింపొద్దమ్మా. కాఫీ తాగు, చెప్తాను" అన్నాను. చెప్పేసరికి సాయంత్రమైంది. ఆ అమ్మాయికి చెప్పినదీ, చెప్పకుండా మింగినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మా అవ్వ పేరు రాహేలమ్మ. నాయన తల్లి. పెనుకొండ కొండకు అవతలి పక్క, రైలుకట్టకు దగ్గరలో ఉండే పల్లె మాది. ఊరి చివర మా ఇళ్ళు, వాటి మధ్య రేకుల చర్చి. నాయన పక్క ఊళ్ళో ఎలిమెంటరీ బడి అయ్యవారు. అమ్మ ఇల్లూ, నాలుగు గొర్రెలూ, శనక్కాయ చేనూ చూసుకునేది. అవ్వ తెల్లారకముందే లేచి ముఖం కడుక్కుని పొయ్యి ముందు కూచుని ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనలో ఆ నెల మందు తింటున్నవాళ్ళ పేర్లన్నీ వరసగా వచ్చేవి. వాళ్ళలో మా చర్చికి వచ్చేవాళ్ళు తక్కువ, గుడికి పోయేవాళ్ళే ఎక్కువ. ఆమెకు ఆ తేడా ఉండేది కాదు. "ప్రభువా, ఓబులమ్మ కండ్లు ఎర్రబడల్ల" అని ఆమె అంటుంటే, పక్కన చాప మీద పడుకున్న మాకు నవ్వు ఆగేది కాదు. కళ్ళు ఎర్రబడటమంటే మాకు తెలిసింది కళ్ళకలక. ఆమె అడుగుతున్నది కింది రెప్ప లోపలి ఎరుపు.

మందు కోసం వచ్చిన మనిషిని అవ్వ ముందు వెలుతురులో కూర్చోబెట్టేది. కింది రెప్ప బొటనవేలితో మెల్లగా కిందికి లాగి చూసేది. గోరు మీద నొక్కి వదిలి, పోయిన రంగు ఎంతసేపటికి తిరిగొస్తుందో చూసేది. నాలుక చాపమనేది. ఆ తరవాత అడిగే ప్రశ్న మాత్రం చెవిలో అడిగేది. నెలసరి ఎట్లా ఉంది, మొలలున్నాయా, ఎక్కడైనా నెత్తురు పోతోందా అని. చాలా ఏళ్ళ తరవాత హిందూపురంలో పెద్ద డాక్టర్లు పిల్ల డాక్టర్లకు ఇవే చూడమని నేర్పుతుంటే పక్కనే సిరంజీలు సర్దుకుంటూ విన్నాను. అవ్వ లెక్కలో నెత్తురు జబ్బులు మూడు రకాలు. నెత్తురు చెడటం, నెత్తురు తగ్గటం, నెత్తురు కారటం. ఒంటినిండా సెగ్గడ్డలు వస్తే చెడిందనేది, సుగంధి వేరు కషాయం ఇచ్చేది. మనిషి పాలిపోయి నాలుగడుగులకే ఆయాసపడితే తగ్గిందనేది. మూడో రకానికి మాత్రం, "కారే నెత్తురికి నాతాన మందు లేదు తల్లీ, ఆస్పత్రికి పో" అని లేచి నిలబడేది. ఇంకా బతిమాలితే కోపగించుకునేది.

తగ్గిన నెత్తురికి ఇచ్చేదే ఆమె పేరు నిలబెట్టిన మందు. కొండ మీద దొరికే ఉసిరికాయలు దంచి, గలిజేరు వేర్లు నలగ్గొట్టి, ముందురోజు సాయంత్రమే పెద్ద ఇనుప బాండ్లిలో నీళ్ళు పోసి నానేసేది. తెల్లారి ఆ నీళ్ళు సిరాలా నల్లగా ఉండేవి. అందులో మునగాకు వేసి సన్నని మంట మీద సగానికి ఇంకించి, పాత బెల్లం, వేయించి దంచిన నల్లనువ్వులు కలిపి, ముద్దయ్యేదాకా తెడ్డుతో తిప్పుతూనే ఉండేది. ఆ పూట ఇల్లంతా రెండు వాసనలు. ఒకటి బెల్లం మాడుతున్నట్టు తియ్యని వాసన. రెండోది వానకు తడిసిన ఇనుప గేటుకు ముక్కు ఆనిస్తే వచ్చే వాసన. మందు చేసిన రోజు మా అన్నం కూడా అదే వాసన కొట్టేది. రేగ్గాయంత ఉండ పరగడుపున తినాలి, నలభై రోజులు. తిన్నాక పొద్దెక్కేదాకా టీ ముట్టకూడదు. "టీనీళ్ళు తాగితే మందు ఇరుగుతాది" అనేది. ఎందుకు విరుగుతుందంటే తెలియదు. వాళ్ళమ్మ చెప్పింది, అంతే. వారానికోసారి కొండెక్కి ఉసిరికాయలూ వేర్లూ తెచ్చుకునేది. కాయలు లేని కాలానికి ఎండబెట్టిన పెచ్చులు కుండలో దాచేది. ఆ కొండ రాళ్ళలో ఆమె మోకాళ్ళు అరిగిపోయాయని నాయన బాధ.

నేను డిగ్రీలో చేరిన ఏడు అవ్వ ఆ కొండ దిగుతూ జారి, కుడి మణికట్టు విరగ్గొట్టుకుంది. కట్టు విప్పాక కూడా చెయ్యి మునుపటిలా కాలేదు. ఇనుప బాండ్లి ఎత్తలేకపోయేది, దాని మసి తోమలేకపోయేది. నాయన హిందూపురం బజారు నుంచి తళతళలాడే అల్యూమినియం బాండ్లి తెచ్చాడు. మా వైపు దాన్ని సిల్వర్ అంటారు. "ఇంగ ఆ బరువు మొయ్యొద్దుమా, ఇది చూడు, దూదిలాగుండాది" అని అవ్వ ఒళ్ళో పెట్టాడు. కొడుకు తెచ్చిన బాండ్లిని అవ్వ చాలాసేపు చీర కొంగుతో తుడిచింది. పాతది పెరట్లోకి పోయింది. అమ్మ అందులో కోళ్ళకు నీళ్ళు పోసేది.

అప్పటికి నేను హిందూపురంలో హాస్టల్లో ఉంటూ కెమిస్ట్రీ, బాటనీ, జువాలజీ చదువుతున్నాను. ఇంటికి వచ్చినప్పుడల్లా అవ్వలో ఒక మార్పు కనిపించేది గానీ, అది వయసనుకున్నాను. మందుకు వచ్చేవాళ్ళు తగ్గారు. నలభై రోజులు తిన్నవాళ్ళు మళ్ళీ వచ్చి, "ఈ తూరి ఏం పని చేయలేదవ్వా" అనేవాళ్ళు. అవ్వ వాళ్ళ రెప్పలు లాగి చూసి మళ్ళీ వేర్లు దంచడానికి కూర్చునేది. మొదట వానలు లేక వేర్లలో సారం పోయిందంది. మరుసటేడు వానలు బాగానే పడ్డాయి. అప్పుడు, తన ప్రార్థనలో లోపముందంది. శుక్రవారాలు ఉపవాసం పట్టింది. కొండ మీద ఇంకా పైకి, ఎవరూ పోని చోటికి పోయి వేర్లు తెచ్చింది. మందు నల్లగా రావడం లేదని ఆమె గమనించకపోలేదు. అమ్మతో అన్నదట కూడా. కొత్త బాండ్లి శుభ్రంగా ఉంది కాబట్టి మసి దిగడం లేదని అమ్మ అంటే, నిజమే కాబోలు అని ఊరుకుంది.

ఆ సమయంలోనే మార్తత్త వచ్చింది. నాయన చెల్లెలు. ధర్మవరంలో పట్టు మగ్గాలున్న ఇంట్లో కండెలు చుట్టే పని చేసేది. మామ మగ్గం నేసేవాడు. అంతకుముందు రెండు కాన్పులకూ ఐదో నెలలోనే పుట్టింటికొచ్చి, అవ్వ మందు తిని, బుగ్గలు నిగనిగలాడుతుండగా కనింది. మూడో కాన్పుకూ అట్లాగే వచ్చింది. అవ్వ ఎంతో పట్టుదలగా మందు చేసింది. ఊళ్ళోవాళ్ళకు పనిచేయకపోయినా కడుపున పుట్టిన బిడ్డకు పనిచేస్తుందని ఆమె నమ్మకం. నెలన్నర గడిచాక నేను సెలవులకు ఇంటికి వచ్చాను. మార్తత్త గోడకు ఆనుకుని కూర్చుంది. ముఖం మైదాపిండి రంగులో ఉంది. పాదాలు ఉబ్బి ఉన్నాయి. నన్ను చూసి లేవబోయి మళ్ళీ కూలబడింది.

"ఏమైందత్తా?"

"ఏమీ లేదు పాపా. లేస్తే కండ్లు తిరుగుతాండాయి, అంతే" అని నవ్వింది. నవ్వినందుకే ఆయాసం వచ్చింది.

అవ్వ పొయ్యి దగ్గర మందు తిప్పుతోంది. నేను వెళ్ళి, "అవ్వా, అత్తను ఆస్పత్రికి తీసుకుపోదాం" అన్నాను. అవ్వ తెడ్డు ఆపలేదు. "ఇంగో పది దినాలు చూద్దాం. కొండ మీదినుంచి మంచి వేరు తెస్తి" అంది. నాయన అవ్వ మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. గుమ్మంలో నిలబడి ఒకసారి చెల్లెల్నీ, ఒకసారి తల్లినీ చూస్తున్నాడు. అప్పుడు నేను అరిచాను. ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ గొంతెత్తలేదు. "పది దినాలకు అత్త ఉంటాదా? నువ్వే రెప్ప లాగి చూడు. వేరేవాళ్ళయితే ఏం చెప్తావో అదే చెప్పు" అన్నాను. అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. మార్తత్తను వెలుతురులోకి తిప్పి, రెప్ప కిందికి లాగింది. "బస్సు ఎప్పుడుందో చూడు నాయనా" అంది కొడుకుతో. పొయ్యి మీద మందు అట్లాగే మాడిపోయింది.

హిందూపురం ఆసుపత్రిలో రక్తం చూస్తే హిమోగ్లోబిన్ ఐదు కూడా లేదు. ఇంకో వారం ఆలస్యమైతే గుండె తట్టుకునేది కాదని డాక్టరమ్మ నాయనతో చెప్పింది. నాయన రక్తం సరిపోయింది, ఇచ్చాడు. తరవాత ఇనుము ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడోరోజుకు అత్త దిండుకు ఆనుకుని కూర్చుని మాట్లాడగలిగింది. డాక్టరమ్మ కోస్తా వైపు మనిషి, కోప్పడకుండా అడిగి రాసుకునే అలవాటు ఆమెకు. ఇంట్లో ఏం తినిపించారని అడిగింది. నేను నాటుమందు అంటూ సిగ్గుపడుతూ చెప్పాను. అత్త అడ్డొచ్చింది.

"అదేం చెడ్డ మందు కాదమ్మా. ముందు రెండు కాన్పులకూ అదే తింటి. రాయిలాగుంటి."

"మరి ఈసారి మందులో ఏం తేడా?" అంది డాక్టరమ్మ.

"ఏం తేడా లేదు. అదే ఆకు, అదే వేరు, మా అమ్మ చెయ్యే. బాండ్లి ఒకటి కొత్తది, అంతే."

"పాతది దేంతో చేసింది?"

"ఇనుపది."

డాక్టరమ్మ రాస్తున్నది ఆపి అత్తను చూసింది. తరవాత నన్ను చూసి, "నువ్వు సైన్సు చదువుతున్నావు కదా?" అంది. ఆ మాటతోనే నాకు పెరట్లో పడున్న పాత బాండ్లి గుర్తొచ్చింది.

ఆ వారం నేను ఊరికి వెళ్ళి, పెరట్లో కోళ్ళ నీళ్ళు పారబోసి, పాత బాండ్లిని ఇసకతో తోమాను. అవ్వ చేత ఒకే రోజు రెండు వాయిలు చేయించాను. ఒకే బుట్టలోని వేర్లు, ఒకే దంపుడు ఉసిరికాయలు, సగం ఇనుప బాండ్లిలో, సగం సిల్వర్‌లో. ఎందుకని అవ్వ అడగలేదు. రెండు ఉండలు రెండు కాగితాల్లో చుట్టుకుని కాలేజీకి పోయాను. మా కెమిస్ట్రీ సార్‌కు విషయం చెబితే ల్యాబు తాళం తీయించి, పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఉండలు రెండూ విడివిడిగా కాల్చి బూడిద చేసి, ఆసిడ్‌లో కరిగించి, వడకట్టి, రెండు గాజు గొట్టాల్లో పోశాను. పొటాషియం ఫెర్రోసయనైడ్ చుక్కలు వేశాను. సిల్వర్ బాండ్లి మందు లేత నీలం రంగుకు తిరిగింది, ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలాగా. ఇనుప బాండ్లి మందు చిక్కటి నీలం, గొట్టం అవతల నా వేలు కనపడనంతగా. చాలా సంతోషం వేసింది నాకు. సార్ మాత్రం, "ఇనుము ఉందని చెప్పడం వరకే ఈ పరీక్ష పని. ఎట్లా వచ్చింది, ఒంటికి ఎంత పడుతుంది, ఇవేవీ ఈ గొట్టం చెప్పదు. తొందరపడకు" అన్నారు. మొదటి మాట విన్నాను, తరవాతవి వినలేదు.

ఆ సాయంత్రమే బస్సెక్కి ఊరికి పోయాను. అవ్వ వాకిట్లో కూర్చుని వేర్లకున్న మట్టి దులుపుతోంది. నేను నిలబడే చెప్పేశాను. మందు ఆకులో లేదని, వేరులో లేదని, బాండ్లిలో ఉందని. రెండేళ్ళుగా పనిచేయకపోవడానికి వానలూ కారణం కాదు, ఆమె ప్రార్థనా కారణం కాదని. ఆ చివరి మాట ఆమెకు ఓదార్పుగా ఉంటుందనుకున్నాను. అవ్వ దులపడం ఆపింది.

"అంటే ఇన్నేండ్లు నేను కొండెక్కింది వట్టిదేనా పాపా?"

నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. రంగు మారిన గాజు గొట్టం నా కళ్ళ ముందే ఉంది. "వట్టిదే అవ్వా" అన్నాను.

అవ్వ వేర్లన్నీ చేటలోకి ఎత్తి, లేచి, గొర్రెలకు వేసి వచ్చింది. మళ్ళీ కొండెక్కలేదు.

మార్తత్త నెలలు నిండాక ఆడపిల్లను కనింది. తల్లీ బిడ్డా బాగున్నారు. నాయన ఆ సిల్వర్ బాండ్లిని చూసినప్పుడల్లా ముఖం పక్కకు తిప్పుకునేవాడు. ఒకరోజు దాన్ని ఎవరికో ఇచ్చేశాడు. అవ్వ ఆయన్ను ఒక్క మాట అనలేదు, అననివ్వలేదు. మందుకు వచ్చినవాళ్ళకు మాత్రం కొత్త పాఠం చెప్పేది. "మందు లేదు తల్లీ. ఇనుప బాండ్లి కొనుక్కో. పుల్లగూర అందులో చెయ్యి. తిన్నాంక టీ తాగాకు. అట్ల కూడా రంగు రాకుంటే ఆస్పత్రికి పో." వచ్చినవాళ్ళు విని, ఏదో దాస్తోందనుకుని వెళ్ళిపోయేవాళ్ళు. బాండ్లి కొనుక్కోమని చెప్పించుకోవడానికి మూడు మైళ్ళు నడిచి ఎవరొస్తారు? రెండేళ్ళలో మా వాకిలి ఖాళీ అయింది. ప్రార్థనలో పేర్లు తగ్గిపోయి, చివరికి మా ఇంటివాళ్ళవే మిగిలాయి.

డిగ్రీ అయ్యాక నేను ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసి హిందూపురంలో ఉద్యోగంలో చేరాను. కొత్తలో ఆసిడ్ పోసిన సన్నని గొట్టంలో రక్తం చుక్క వేసి, నీళ్ళు ఒక్కో బొట్టే కలుపుతూ, పక్కనున్న గోధుమరంగు గాజుతో సరిపోయేదాకా పోల్చి చూసేవాళ్ళం. ఇప్పుడు మిషన్ ఒక నిమిషంలో చీటీ కొడుతుంది. చీటీలో అంకెలు మాత్రం నాకు పెద్దగా మారినట్టు కనిపించలేదు. చుట్టుపక్కల పల్లెల నుంచి స్కూటీ నడుపుకుంటూ వచ్చే అమ్మాయిలు, చేతిలో సెల్‌ఫోన్, కింది రెప్ప చూస్తే తెల్లగా. పొద్దున ఇడ్లీ, వెంటనే టీ, మధ్యాహ్నం తొందరగా నాలుగు ముద్దలు, మళ్ళీ టీ. ఇంట్లో కుక్కరూ, నాన్‌స్టిక్కూ. అవ్వ కాలంలో పేదరికం వల్ల తప్పనిసరై ఇనుప బాండ్లి ఉండేది. ఇప్పుడు ఏది ఉన్నా కొనుక్కున్నదే, అయినా ఒంట్లో ఇనుము లేదు. అట్లాగని ఆ రోజులే మేలని నేననను. ఆ రోజుల్లో మార్తత్త లాంటివాళ్ళు ఎంతమంది గోడకు ఆనుకుని కూర్చుని అట్లాగే పోయారో చెప్పడానికి ఎవరూ రాసి పెట్టలేదు.

శిరీష అడిగింది, ఈ మందుల్లో ఏది నిజం మేడమ్ అని. నాకు తెలిసినంతలో చెప్పాను. ఇనుప పాత్రలో పుల్లని వంట చేస్తే ఇనుము కూరలోకి దిగుతుందన్నది నిలబడిన సంగతి. రక్తం తక్కువున్నవాళ్ళకు దానివల్ల కొంత మేలు కనిపించిందని చాలాచోట్ల చూశారు, అన్నిచోట్లా ఒకేలా కాదు. టీ విషయంలో అవ్వ చెప్పింది అక్షరాలా నిజం. మునగాకులో ఇనుము ఉంది, కానీ ఆకులోని ఇనుమును ఒళ్ళు తక్కువే పట్టుకుంటుంది. గలిజేరు గురించి ఎలుకల మీద చూసినవే ఎక్కువ, మనుషుల మీద గట్టి రుజువు నేనెరుగను. సుగంధి వేరు రక్తాన్ని శుభ్రం చేస్తుందంటారు గానీ, చెడిన రక్తం అనేదాన్ని కొలిచే పరీక్షే మా ల్యాబులో ఎప్పుడూ లేదు. డెంగీ జ్వరానికి బొప్పాయి ఆకు రసం తాగిస్తారు. ప్లేట్‌లెట్లు కొంత తొందరగా పెరుగుతాయని చిన్న చిన్న పరీక్షల్లో కనపడింది, ప్రాణం నిలుపుతుందని మాత్రం ఎవరూ చూపలేదు. ఆ రసం నమ్ముకుని సెలైన్ ఎక్కించాల్సిన రోజు ఇంట్లో కూర్చున్నవాళ్ళను నేను చూశాను. అన్నిటికన్నా ముఖ్యం, రక్తం ఎందుకు తగ్గిందో తెలియకుండా మందు మొదలుపెట్టకూడదు. కడుపులో నులిపురుగులుండొచ్చు, ఎక్కడో కారుతుండొచ్చు. పుట్టుకతో వచ్చే తలసేమియా అయితే ఒంట్లో ఇనుము అప్పటికే ఎక్కువై ఉంటుంది, ఇంకా ఇస్తే చేటు. శిరీష చివరి గడి వదిలేసి, కాగితం తిప్పి వెనకవైపు ఇవన్నీ రాసుకుంది. ఆ అమ్మాయి మీద నాకు గౌరవం కలిగింది.

ఆమెకు చెప్పనిది ఒకటుంది.

నాయన పోయిన తరవాత అవ్వను నేను హిందూపురం తెచ్చుకున్నాను. ఎనభై దాటిన మనిషి. చూపు మందగించింది. ఒకరోజు మెట్టు ఎక్కలేక నిలబడిపోతే నేనే రక్తం తీసి చూశాను. తక్కువుంది. కారణాలన్నీ వెతికించాక డాక్టరు ఇనుము మాత్రలు రాశారు. మొదటిరోజు మాత్ర, నీళ్ళు చేతికిస్తే, అవ్వ మాత్ర పట్టుకుని, "ఉసిరికాయ ఒకటి కోసుకొని రా" అంది. ఫ్రిజ్‌లో ఉంటే ముక్క కోసి తెచ్చాను.

"నోరు బాగలేదా అవ్వా?"

"నోటికి కాదు. మాత్రకు. పులుపు లేంది ఇనుము ఒంటికి దిగుతాదా?"

మాత్ర నిమ్మరసంతో వేసుకోమని మేమూ ఆసుపత్రిలో చెబుతాం. పులుపులోని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టిస్తుందని నేను చదువుకున్నది ఉద్యోగంలో చేరిన తరవాత. ఉసిరిలో ఇనుముకు అడ్డుపడే వగరు కూడా ఉందన్నది ఇంకా తరవాత. అవ్వకు ఎవరు చెప్పారు?

"నీకెట్ల తెలుసవ్వా?"

"ఆ పొద్దు నువ్వు బాండ్లిలో ఉండాది మందు అని చెప్పి పోతివి గదా. మర్నాడు అదే బాండ్లిలో ఉత్త నీళ్ళు పోసి పెడితి. తెల్లారినా నల్లగా దిగలా. నీళ్ళు మార్చి ఉసిరికాయలేస్తి. నల్లగా దిగె. పులుపు లేకుంటే బాండ్లి ఏమీ ఇయ్యదు. నువ్వు ఉత్త నీళ్ళు పోసి చూస్తివా?"

చూడలేదు. రెండు బాండ్లిల్లోనూ ఒకటే మందు పోసి పోల్చానే గానీ, ఆ మందులోంచి ఉసిరికాయ తీసేసి చూడాలన్న ఆలోచన నాకు రాలేదు. కొండెక్కింది వట్టిదే అన్న మాట ఒక్క పూటలో చెప్పేసి బస్సెక్కి వెళ్ళిపోయాను. ఆ మాట తప్పని ఆమె మూడు రోజుల్లోనే తేల్చుకుంది.

"మరి నాకెందుకు చెప్పలేదవ్వా? ఇన్నేళ్ళు..."

"నువ్వు సదువుకున్నదానివి. నీకు తెలిసే ఉంటాది, ముసిల్దానికి ఇడమర్చి చెప్పే తీరిక లేక పోతివేమోలే అనుకుంటి" అంది అవ్వ. మాత్ర నోట్లో వేసుకుని, నీళ్ళు తాగి, ఉసిరి ముక్క బుగ్గన పెట్టుకుంది.